ఊరికే ఇచ్చిన మాస్కు ఖరీదెంత?



మన ఆడవాళ్ళు చేసే పనుల్లో చాలావాటికి ఒక చిత్రమైన పేరుంది. 'ఊరికే కూర్చోలేక చేసే పని' అంటారు. ఎండాకాలం వడియాలు పెట్టినా, పాతచీరలతో బొంత కుట్టినా, పక్కింటి పిల్లకు పరికిణీ కుట్టి ఇచ్చినా అదే మాట. 2020లో కరోనా వచ్చినప్పుడు మిషను ముందు కూర్చుని, వీధిలో నలుగురికీ గుడ్డమాస్కులు కుట్టి ఉచితంగా పంచిన ఆడవాళ్ళను గురించి కూడా ఇదే మాట వినిపించింది. 'ఏముంది, ఇంట్లో ఖాళీగా ఉన్నారు, కుట్టారు' అని. ఆ ఖాళీ ఎంత ఖాళీయో, ఆ ఉచితం ఎవరికి ఉచితమో ఈవేళ కాసేపు ఆలోచిద్దాం.

ముందు ఆ రోజులు ఒక్కసారి గుర్తుచేసుకోండి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది గానీ వీధిలో చలువపందిళ్ళు లేవు, పానకం ఎవరింట్లో వాళ్ళే కలుపుకున్నారు. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. బట్టల కొట్లూ, టైలరు దుకాణాలూ మూతపడ్డాయి. మందుల షాపులో మాస్కు దొరకడం గగనమైంది. ఉన్న కాసిని ఆస్పత్రుల్లో డాక్టర్లకూ నర్సులకూ కావాలి. అందుకని ఏప్రిల్ మొదట్లో కేంద్ర ఆరోగ్యశాఖవారు, ఇంట్లోనే గుడ్డతో కుట్టుకున్నవి కట్టుకోండని జనానికి సలహా చెప్పారు. ఏప్రిల్ 15న వచ్చిన కేంద్ర హోంశాఖ ఉత్తర్వులతో గడప దాటి నలుగురిలోకి వెళ్ళే ప్రతివారికీ అది తప్పనిసరి అయింది. మాస్కు లేనిదే బయటికి రాకూడదు, కొట్లో చూస్తే మాస్కు లేదు. మరి ఆ లోటు పూడ్చింది ఎవరు? ఇంట్లో మిషను ఉన్న ఆడవాళ్ళే కదా!

అయితే తన ఇంట్లోవాళ్ళకు కుట్టుకుంటే సరిపోయేది, వీధికంతా ఎందుకు కుట్టాలి? ఇది కేవలం దయాగుణం అనుకోకండి. ఇందులో లెక్క ఉంది. గుడ్డమాస్కు చేసే ముఖ్యమైన పని, పెట్టుకున్నవాళ్ళ నోటి తుంపరలు అవతలివాళ్ళ మీద పడకుండా ఆపడం. బయటినుంచి వచ్చేదాన్ని ఆపే శక్తి దానికి కొంచెం తక్కువ. కరోనా ఉన్నవాళ్ళు కొందరికి దగ్గూ జ్వరమూ ఏమీ ఉండవు, తమకుందని తమకే తెలియదు. కాబట్టి నేను పెట్టుకున్నది మీకు రక్ష, మీరు పెట్టుకున్నది నాకు రక్ష.

గోదావరి జిల్లాలవాళ్ళకు ఏటిగట్టు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టు వరదలు కళ్ళారా చూసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. 'మా ఇంటి ముందు గట్టు గట్టిగానే ఉంది, మాకేం భయం' అనుకోవడానికి లేదు. ఎగువన రెండు మైళ్ళ దూరంలో గండి పడినా నీళ్ళు మన వాకిట్లోకే వస్తాయి. మాస్కు సంగతీ అంతే. పాలు పోసే అబ్బాయికీ, అంట్లు తోమే మనిషికీ, చెత్త తీసుకెళ్ళే ఆవిడకూ కొనుక్కునే శక్తి లేకపోతే, ఆ గండి వాళ్ళది మాత్రమే కాదు, మన అందరిదీ. అందుకే మాస్కు పుచ్చుకునేవాళ్ళకు ఉచితంగా అందాలి. అంతవరకూ వీధికి కుట్టిపెట్టినవాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళూ తెలివైన పని.

ఈ పని మనతోనే మొదలు కాలేదు. 1910, 11 సంవత్సరాల్లో మంచూరియాలో ప్లేగు ప్రబలినప్పుడు, మలయాలో పుట్టిన వూ లియెన్-తే అనే చైనా డాక్టరు దూదీ, గాజుగుడ్డా కలిపి మాస్కులు చేయించి కట్టించాడు. 1918లో విషజ్వరం ప్రపంచాన్ని చుట్టబెట్టినప్పుడు అమెరికాలో రెడ్‌క్రాస్ తరఫున ఆడవాళ్ళు గాజుగుడ్డ మాస్కులు కుట్టి పంచారు. నూరేళ్ళ తరవాత మళ్ళీ సూదీ దారమూ మన చేతికే వచ్చాయి.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడకూడదంటారు. నన్నడిగితే, దానమిచ్చిన మాస్కుకు మాత్రం పళ్ళు పట్టి చూడాల్సిందే. ఉచితం కదా అని ఒంటిపొర జార్జెట్ ముక్కకు రెండు తాళ్ళు కుట్టి ఇస్తే అది అలంకారమే అవుతుంది, అడ్డు కాదు. 2020 జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థవారు గుడ్డమాస్కుకు మూడు పొరలుండాలని చెప్పారు. చెమటను పీల్చుకునే నూలుగుడ్డ లోపలివైపు ఉండాలి. నేత దగ్గరగా ఉన్న గుడ్డ మంచిది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి కిటికీ ఊచలు కనబడే గుడ్డ పనికిరాదు. కొత్త గుడ్డయితే ముందు నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఆ తరవాతే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి ముక్కు మీదికొస్తే గడ్డం కనబడుతుంది, గడ్డం మీదికి లాగితే ముక్కు బయటపడుతుంది. పెద్దవాళ్ళకు ముక్క తొమ్మిది అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉండాలి. మూడు కుచ్చిళ్ళు కిందివైపుకు మడిచి కుట్టాలి. ఇలాస్టిక్ దొరకని ఆ రోజుల్లో అదే గుడ్డతో తాళ్ళు కుట్టి తిప్పినవాళ్ళు ఎందరో! ఇలాస్టిక్ సాగిపోతుంది గానీ తాడు సాగదు, ఎవరి తలకు తగ్గట్టు వాళ్ళు బిగించుకోవచ్చు. రోజూ సబ్బుపెట్టి వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. మనిషికి ఒక్కటి ఇస్తే ఉతికిన రోజున ఏది కట్టుకుంటారు? ఇచ్చేవాళ్ళు రెండయినా ఇవ్వాలి.

గుడ్డమాస్కు మంత్రం కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2020 చివరినుంచి 2021 వరకూ బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, మూడు లక్షల నలభై వేలమందికి పైగా పెద్దవాళ్ళ మీద పెద్ద పరిశీలన జరిగింది. సగం గ్రామాల్లో ఉచితంగా మాస్కులు పంచి, పెట్టుకోమని మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు. అంతకుముందు నూటికి 13 మంది పెట్టుకునే చోట 42 మంది పెట్టుకున్నారు. జబ్బు తగ్గిన మాట సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్ళలో స్పష్టంగా తేలింది, ముఖ్యంగా అరవై దాటిన వాళ్ళలో. గుడ్డమాస్కుల విషయంలో అంత స్పష్టంగా తేలలేదు. కాబట్టి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడూ, ఇంట్లో ముసలివాళ్ళకు సేవ చేసేటప్పుడూ, దొరికితే సర్జికల్ మాస్కే వాడాలి. అది దొరకనినాడు గుడ్డది ఆదుకుంటుంది. ఉచితంగా ఇవ్వడం, ఇచ్చి ఊరుకోకుండా గుర్తుచెయ్యడం, ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుందన్నది మాత్రం మనం నేర్చుకోవాలి.

ఇక ఖరీదు మాటకొద్దాం. ఒక పాత నూలుచీర తీసుకుందాం. చిరుగులు, నలిగిన చోట్లు తీసేసి, తాళ్ళకు కొంత గుడ్డ పోగా, మూడుపొరల మాస్కులు పాతికో ముప్పయ్యో వస్తాయి. చెయ్యి తిరిగిన మనిషి మాస్కుకు పది నిమిషాలు వేసుకున్నా ముప్పైకి 300 నిమిషాలు. అంటే అయిదు గంటలు! వంటా, అంట్లూ, బట్టలూ అయ్యాక ఆ అయిదు గంటలు ఎక్కడినుంచి వచ్చాయి? బడులు మూసేశారు కాబట్టి పిల్లలు ఇంట్లోనే. ఆఫీసులు లేవు కాబట్టి ఇంటాయన ఇంట్లోనే. పనిమనిషి రాదు. ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ ఖాళీ దొరికిందేమో గానీ ఇల్లాలికి మాత్రం కాదు. మధ్యాహ్నం నడుం వాల్చే గంటా, రాత్రి నిద్రలో గంటా తీసి ఆ మాస్కుల్లో కుట్టింది. ఇది ఎవరి ఖాతాలోనూ పడలేదు.

ఇదే పనికి కూలి కూడా ఉందని అదే నెలలో తేలింది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున, సుమారు 5 కోట్ల 30 లక్షలమందికి 16 కోట్ల మాస్కులు పంచుతామని ప్రకటించింది. కుట్టే పని డ్వాక్రా మహిళలకు అప్పగించి, మాస్కుకింత అని కుట్టుకూలి కట్టారు. జనానికి ఉచితమే, కుట్టినావిడకు మాత్రం కూలి. ఆ కూలి చాలిందా, వేళకు అందిందా అన్నది వేరే చర్చ. కానీ మాస్కు ఉచితంగా పంచాలంటే కుట్టినవాళ్ళు ఉచితంగా కుట్టి తీరాలన్న నియమమేమీ లేదని దీంతో రుజువయింది.

మరి మన వీధుల్లో ఏం జరిగింది? ప్రతి వీధిలోనూ జాకెట్లు కుట్టుకుని, చీరలకు ఫాల్స్ వేసి ఇల్లు గడుపుకునే ఆవిడ ఒకరుంటారు. పెళ్ళిళ్ళ సీజనులో వచ్చే నాలుగు డబ్బులే ఆవిడకు ఏడాది ఆధారం. ఆ ఏడు ఆ సీజను కాస్తా పోయింది. సరిగ్గా అప్పుడే, మిషనుంది కదా అని ఆవిడ దగ్గరికి వెళ్ళి, 'ఓ ఇరవై కుట్టిపెట్టమ్మా, పుణ్యముంటుంది' అన్న ఇళ్ళు లేకపోలేదు. ఆవిడ కాదనలేదు. వీధిలో బతకాలి కదా! పుణ్యం మనమంతా తలా కొంచెం పంచుకున్నాం, బియ్యం డబ్బాలో మాత్రం ఆవిడే చెయ్యి పెట్టి చూసుకుంది.

ఆడదాని కుట్టుపనిని తీరికపని అనుకోవడం మన డెల్టాకు కొత్త కాదు. నరసాపురం లేసు సంగతి మీకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ అల్లికపని, చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఇళ్ళకు పాకింది. అక్కడ అల్లిన లేసు దేశదేశాలకు వెళ్ళింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. అయితే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెల్లో తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళను ఎవరూ పనివాళ్ళు అనలేదనీ, ఇంటిపట్టున ఉండే గృహిణులు తీరిక వేళ అల్లుకుంటున్నారన్నారనీ, ఆ మాట అడ్డం పెట్టుకునే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె రాసింది. చూశారా, 'తీరిక' అన్న ఒక్క మాట ఎంత ఖరీదైనదో! ఎనిమిది గంటలు పనిచేసినా దాన్ని తీరికే అంటే, ఇక కూలి అడగడానికి నోరెలా వస్తుంది?

అందుకని మాస్కులు పంచడం మానేద్దామా? వద్దు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందన్నారు గానీ, మన వైపు వరదలూ తుఫానులూ జ్వరాలూ ముగిసిపోయాయని ఎవరూ అనలేదు. రేపు మాస్కు కాకపోతే పసిపిల్లలకు పక్కగుడ్డలు కావాలి, వరద బాధితులకు పులిహోర పొట్లాలు కావాలి. మళ్ళీ మన గుమ్మంలోకే వస్తారు. అప్పుడు చెయ్యగలిగినవి మూడు చెబుతాను.

ఒకటి. పదిళ్ళవాళ్ళు కలిసి తలా కొంత వేసుకోండి. ఇంటికి 50 రూపాయలు వేసుకున్నా 500 అవుతుంది. పాత చీరలు మన బీరువాల్లోనే ఉన్నాయి. ఆ డబ్బులో దారానికి పోగా మిగిలింది కుట్టుకుని బతికే ఆవిడకు కూలిగా ఇవ్వండి. పంచడం ఉచితంగా పంచండి. గుడ్డ దానం చెయ్యవచ్చు గానీ, పక్కవాళ్ళ కూలిని మనం దానం చెయ్యకూడదు.

రెండు. మీరే ఇష్టపడి ఊరికే కుడతారా? నిక్షేపంలా కుట్టండి. కానీ పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే 'ఇవాళ అయిదు గంటలు, ముప్పై మాస్కులు' అని ఒక వరస రాయండి. ఎవరినీ అడగడానికి కాదు. ఇంట్లో పిల్లలు ఆ పుస్తకం తిరగేసినప్పుడు, అమ్మ గంటలకూ లెక్క ఉందని వాళ్ళకు తెలియాలి.

మూడు. కత్తిరించడం, తాళ్ళు తిప్పడం, ఇస్త్రీ చెయ్యడం, ఇంటింటికీ ఇచ్చి రావడం, వీటికి మిషను తొక్కడం వచ్చి ఉండనక్కర్లేదు. ఆ పనులు ఇంట్లో మగవాళ్ళకు అప్పగించండి. కనీసం ఆ పూటకు కాఫీ వాళ్ళనే కలుపుకోమనండి!

ఇచ్చే చెయ్యి పైన ఉంటుందని పెద్దలంటారు. నిజమే. ఆ చేతికి కూడా నొప్పి ఉంటుందని మనం ఒకరికొకరం గుర్తుచేసుకుంటే చాలు, ఇచ్చే చేతులు వీధిలో ఇంకో నాలుగు పెరుగుతాయి.