మాట్లాడే హక్కు – మాటకు జవాబుదారీ

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునే నన్ను తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కూకట్‌పల్లిలో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ మాట్లాడటం వస్తుంది గానీ చదవడం రాదు. అందుకని కాదనలేకపోయాను.

వాక్‌స్వాతంత్ర్యం అనగానే అదేదో ఢిల్లీ సంగతి, వకీళ్ళ సంగతి అనుకుంటాము. కాదండీ, అది మన హైదరాబాదు ముచ్చట. 1921లో ఇక్కడ జరిగిన సంఘ సంస్కరణ మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు ఎగతాళి చేసి గోల చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ రోజుల్లో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టుకోరాదు. ఈ రోజు మనం షామియానా వేసుకుని మైకులో మాట్లాడుతున్నామంటే ఊరికే వచ్చింది కాదు.

ఇక అసలు చెప్పదలచిన మనిషి షోయబుల్లా ఖాన్. మన ఇళ్ళలో ఆయన పేరు ఎత్తేవారు తక్కువ. ఎందుకు తక్కువో మీకూ తెలుసు. ఆయన ముస్లిం, ఉర్దూ జర్నలిస్టు. మందుముల నర్సింగరావుగారి ‘రయ్యత్’లో పనిచేశాడు. దాన్ని సర్కారు నిషేధిస్తే 1947లో ‘ఇమ్రోజ్’ అని సొంత పత్రిక పెట్టాడు. హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు అదే కోరుతూ ప్రకటన చేస్తే దాన్ని అచ్చువేశాడు. ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే లింగంపల్లి చౌరస్తా దగ్గర కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వం లొంగిపోయింది.

ఆ రోజుల్లోనే నగరంలో రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ కూడా సభల్లో మాట్లాడుతుండేవాడు. ఎదురు రాసే చేతులు ఉండవని బెదిరించాడు. ఇద్దరిదీ ఉర్దూయే, ఇద్దరూ కౌమ్ పేరు చెప్పినవారే. ఒకాయన సర్కారును తప్పుపట్టాడు, మరొకాయన మనిషి మీదికి మనుషుల్ని ఉసిగొల్పాడు. హద్దు ఎక్కడుందని పిల్లలు నన్ను అడిగితే ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

మన రాజ్యాంగం 19వ అధికరణం ఈ హక్కు ఇచ్చింది. దాని రెండో క్లాజులో హద్దులూ పెట్టింది. శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం వగైరా. 1951 సవరణలో ‘సమంజసమైన’ అనే మాట చేరింది. సర్కారు పెట్టే ఆంక్ష న్యాయంగా ఉందా లేదా అని కోర్టు చూస్తుందన్నమాట. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్ను కొట్టివేస్తూ, చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా వాదించడం వేరు, రెచ్చగొట్టడం వేరు అని విడదీసింది. ఎవరికో చికాకు కలిగిందని మనిషిని జైల్లో పెట్టరాదని చెప్పింది.

మన కుర్రవాళ్ళు అడుగుతారు: “సార్, మన దీన్‌ను ఎవరైనా తిడితే చూస్తూ కూర్చోవాలా?” అక్కర్లేదు బాబూ. 1927లోనే 295-ఎ సెక్షన్ వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299గా ఉన్నది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు, కాపీ దగ్గర పెట్టుకో. అయితే పక్కవాడి దేవుణ్ణి నీ ఫోనులో వెక్కిరించి ఉంటే అదే సెక్షన్ నీకూ వర్తిస్తుంది.

ఫోను మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. 2018 మే నెల, రంజాన్ రోజులు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు. చాంద్రాయణగుట్టలో భిక్ష కోసం వచ్చిన హిజ్రాల మీద జనం పడ్డారు. ఒకరు చచ్చిపోయారు. ఆ పుకారు పంపినవాళ్ళలో ఎంతమంది రోజా ఉన్నవాళ్ళో అల్లాకే తెలుసు. ఎవరూ కత్తి పట్టలేదు, బొటనవేలు కదిపారంతే. వార్త వస్తే విచారించండని సూరా హుజురాత్‌లో ఉందని మనమే అందరికీ చెబుతాము!

ఇంకొక చిన్న సంగతి. నేను ఒక సంఘం సమావేశానికి పోయాను, పేరెందుకు. ఒక ముసలాయన లేచి లెక్కలు అడిగాడు. నలుగురు కలిసి “బైఠో చచా” అని కూర్చోబెట్టారు. ఆడవాళ్ళవైపు నుంచి ఒకావిడ ఏదో అనబోతే మైకు కట్ అయింది, కరెంటు మాత్రం పోలేదు! బయట మనకు మాట్లాడే హక్కు కావాలని అర్జీలు రాసేదీ మనమే.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నేను చెప్పినదానిలో ఒప్పుకోనివి ఉంటే చీటీ మీద రాసి పంపండి, ఉర్దూలో గానీ తెలుగులో గానీ. పేరు రాసిన చీటీలు ముందు చదువుతాను.

ఖుదా హాఫిజ్.