'మాలపల్లి'లోని ఇరువురు మిత్రులు



నవలలు చదువుట కాలహరణమని తలచు పెద్దలు నేటికిని గలరు. వారి చేత నుంచదగిన గ్రంథ మొకటి కలదు. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. పల్నాటి పుల్లరి సత్యాగ్రహ కాలమున నిర్బంధింపబడిన ఉన్నవవారు దానిని రాయవెల్లూరు చెరసాలలో రచించిరి. 1922లో వెలువడిన ఆ గ్రంథమును మదరాసు ప్రభుత్వము నిషేధించెను; పిమ్మట ఆ నిషేధము తొలగినది.

ప్రభుత్వమువారు అందు రాజద్రోహమును జూచిరి. గ్రామీణ పాఠకుడు చూచునది వేరు. పెద్దవీధివారు పొలిమేరనుండి మాత్రమే యెరిగిన ఇంటిలోనికి ఈ నవల వారిని తీసికొనిపోవును. అచట రామదాసు తత్త్వములు పాడుకొనును. మహాలక్ష్మి బిడ్డల యోగక్షేమములకై కలత చెందును. అట్టి గృహము కథకు నడుమ నిలుచుట ఆనాటి తెలుగు నవలలో అరుదు.

రామదాసు కుమారుడు సంగదాసు. భూస్వామి చౌదరయ్య కుమారుడు రామానాయుడు. వీరిరువురును మిత్రులు. ఒకడు ఆ యింట పనిచేయువాడు, మరియొకడు ఆ యింటి బిడ్డ. అయినను రామానాయుడు సంగదాసుపై జాలి చూపుటతో సరిపెట్టుకొనడు. అతని మాట విని తన తలపు మార్చుకొనును. జాలికిని స్నేహమునకును గల భేద మిదియే.

కాని ఆ స్నేహమునకు ఇరువురును చెల్లించిన వెల సమానము కాదు. కూలివారి పక్షము వహించిన సంగదాసు చౌదరయ్య దెబ్బకు ప్రాణము గోల్పోవును. రామానాయుడు మిత్రుని గోల్పోవును. తండ్రి యిల్లు మాత్రము అతనిదిగనే యుండును. ఉన్నవవారు ఈ వ్యత్యాసమును కప్పిపుచ్చలేదు. నవలలో దీర్ఘోపన్యాసములు లేకపోలేదు. ఉపన్యాసవేదికపై ఈ ఆక్షేపణ తెచ్చుట కొంత సాహసమే! అవి వచ్చినపుడు కథ నెమ్మదించును. అయినను సంగదాసు మరణఘట్టమున పుస్తకమును క్రింద నుంచుట కష్టము.

ఈ బీరువాలోని ప్రతిని పెద్దవీధి యువకుడును చదువును, దళితవాడ బాలుడును చదువును. మొదటివానికి రామదాసు గృహము క్రొత్త. రెండవవానికి అది తన యిల్లే. అతనికి నమ్మశక్యము కానివాడు రామానాయుడు. "ఇట్టివాడు మన ఊర నెవరైన నున్నారా?" యని ఆ బాలుడు గ్రంథపాలకుని అడిగినచో, ఎవరి పేరు చెప్పవలెను?