గాలి కూడ కార్మికుని హక్కే
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ., పింఛను, ఖాళీల భర్తీ మొదలైన సమస్యలపై మనం తరచు సమావేశమవుతూ ఉంటాము. నేడు గాలిని గురించి మీతో ముచ్చటించదలచితిమి. యూనియన్ వేదికపై ఇదేమి విషయమని కొందరికి తోచవచ్చును. జీతం నెలకొకసారి అందుతుంది. గాలి అనుక్షణమూ కావలెను. అందులో విషం కలిసిన పక్షంలో, పోరాడి సాధించుకొన్న డి.ఏ. మందుల దుకాణానికే చేరుతుంది.

భూమిని చుట్టియున్న గాలిపొరయే వాతావరణము. పొడిగాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ప్రాణవాయువు. మిగిలిన ఒక శాతంలో అధికభాగం ఆర్గాన్. బొగ్గుపులుసు వాయువు సుమారు 0.04 శాతం మాత్రమే. పారిశ్రామిక విప్లవానికి పూర్వం అది 0.028 శాతం. చూచుటకు స్వల్పమైన ఈ పెరుగుదలయే భూగోళాన్ని వేడెక్కించుచున్నది. ఈ గాలి అనంతమని మనం భ్రమపడుతున్నాము. మొత్తం గాలి బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నేలనుండి 11 కిలోమీటర్ల లోపుననే ఉన్నది. సికింద్రాబాదు నుండి కాజీపేటకు గల దూరంలో ఇది పదవ వంతు కూడ కాదు. మానవజాతి అంతయూ వదలుతున్న పొగను ఈ పలుచని పొరయే మోయవలసియున్నది.

కాలుష్యానికి మూలకారణం దహనము. బొగ్గు, డీజిలు, పెట్రోలు, కట్టెలు, చెత్త కాలినపుడు గంధకపు, నత్రజని ఆక్సైడులు, కార్బన్ మోనాక్సైడు, సూక్ష్మధూళి వెలువడుతాయి. 2.5 మైక్రానులకు మించని ధూళికణం తలవెంట్రుక మందంలో సుమారు ముప్పదవ వంతు. ముక్కు దానిని ఆపలేదు. అది ఊపిరితిత్తుల చివరి గదులకు చేరి, రక్తంలోనికి సైతం ప్రవేశిస్తుంది. సాధారణంగా నేల వద్ద వేడెక్కిన గాలి పైకి లేచి పొగను చెదరగొడుతుంది. శీతాకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడును. చల్లగాలి క్రింద నిలిచి, వెచ్చగాలి దానిపై మూతవలె కూర్చుండును. 1952 డిసెంబరులో లండను నగరంలో అయిదు దినములు బొగ్గుపొగ ఇట్లే నిలిచిపోయి వేలాదిమంది మరణించారు. ప్రజల ఆందోళన ఫలితంగా 1956లో అక్కడ శుద్ధవాయు చట్టం వచ్చినది. ఢిల్లీ నగరం ప్రతి శీతాకాలమూ ఈ మూత క్రిందనే ఊపిరాడక బాధపడుతున్నది.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాలులో జరిగినది దీనికంటె ఘోరము. పురుగుమందుల కర్మాగారంనుండి వెలువడిన మిథైల్ ఐసోసయనేటు గాలికంటె బరువైనది. కనుక నేలను అంటిపెట్టుకొని బస్తీలపైకి, రైల్వే స్టేషనుపైకి ప్రాకినది. తమ ప్రాణాలు ప్రమాదంలో ఉన్నను స్టేషను సిబ్బంది రైళ్ళను దూరంగా ఆపించుటకు యత్నించారు. విధినిర్వహణలో మన సోదరులు పలువురు అసువులు బాశారు. వారి స్మారకచిహ్నం ఆ స్టేషనులో ఉన్నది. ఇందు మనం గ్రహించవలసిన దొకటి గలదు. ఆ కర్మాగారంలో శీతలీకరణ యంత్రం అప్పటికి నెలల తరబడి ఆగియున్నది. ఖర్చు తగ్గింపు పేరిట సిబ్బందిని కుదించారు. ఖాళీల భర్తీ కేవలం ఉపాధి సమస్య కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? 2020 మే 7న విశాఖలో స్టైరీను ఆవిరి 12 మందిని బలిగొన్నపుడు, భోపాలు పాఠం ఇంకను ఒంటబట్టలేదని తేలినది.

మన వృత్తులను చూడుడు. ఆవిరి ఇంజను పొగ 1990వ దశకంతో దాదాపు ముగిసినది. నేడు మార్గములలో అత్యధికభాగం విద్యుదీకరణ పొందినది. సంతోషమే. అయితే ఆ విద్యుత్తులో అధికభాగం బొగ్గునుండియే వచ్చుచున్నది. ఇంజను గొట్టంలోని పొగ విద్యుత్కేంద్రపు గొట్టానికి మారినది. గూడ్సు షెడ్డులలో సిమెంటు, ఎరువు, బొగ్గు ధూళిని హమాలీలు, గుమాస్తాలు పీల్చుచునే ఉన్నారు. పోస్టుమాను దినమంతయూ వాహనాల పొగ నడుమ తిరుగవలెను. సార్టింగు హాలులో సంచులు దులిపిన ధూళికి వెలుపలికి పోవు త్రోవ ఉండదు.

చట్టములు లేకపోలేదు. 1981లో వాయుకాలుష్య నివారణ చట్టం, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినవి. కాలుష్యరహితమైన గాలి, నీరు రాజ్యాంగంలోని 21వ అధికరణం క్రింద జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో ప్రకటించినది. ఓజోను పొరను కాపాడుటకు 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం అమలు జరిగి, ఆ పొర క్రమముగా కోలుకొనుచున్నది. మానవుడు చేసిన హానిని మానవుడే సరిదిద్దగలడు.

కావున ప్రతి శాఖయు ఈ కోర్కెలను తన పత్రంలో చేర్చవలెనని కోరుచున్నాము. గూడ్సు షెడ్డులలో నీటిజల్లు, ధూళిని అడ్డు ఏర్పాట్లు. సార్టింగు హాళ్ళలో గాలిమార్పిడి సౌకర్యములు. ఏటేటా ఊపిరితిత్తుల పరీక్ష, దాని ఫలితం ఉద్యోగి చేతికి. కాంట్రాక్టు కార్మికునికీ ఇవే రక్షణలు. అధికారి పీల్చే గాలి వేరు, హమాలీ పీల్చే గాలి వేరు కాదు. తలుపులు మూసుకొనే వసతి ఉన్నవాడు కొంతకాలం తప్పించుకొనవచ్చును. ఆరుబయట పనిచేయువానికి ఆ వసతి లేదు. అందుచేత ఈ పోరాటంలో ముందు నిలువవలసినది మనమే.