కోఠీ రెసిడెన్సీ: ఎవరి సొమ్ము, ఎవరి ఇల్లు?

(పర్చూరు పఠన మందిరమున గావింపబడిన ఉపన్యాస పాఠము)



ప్రత్తి ధరను గూర్చియు, మిరపకాయల ధరను గూర్చియు ఆలోచింపవలసిన దినములలో ఒక దొరగారి మేడను గూర్చి ఉపన్యాసమేమి యని మీలో కొందరనుకొనుచుండవచ్చును. న్యాయవాదికి ఒక దురలవాటు కలదు. ఏ యిల్లు చూచినను దాని దస్తావేజు చూడవలెననిపించును. హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ మెట్లమీద నిలిచినప్పుడు నాకట్లే అనిపించినది.

అది మన దేశపు కట్టడము వలె కానరాదు. ఇంగ్లండులోని ప్రభువులు తమ భూముల నడుమ, పల్లెపట్టున, మహాసౌధములు కట్టుకొనెడివారు. చుట్టుప్రక్కల రైతు తలయెత్తి చూచునప్పుడెల్ల యజమాని యెవరో తెలియవలెననుట అందలి ఉద్దేశము. 18వ శతాబ్దిలో వారికి గురువు ఇటలీ శిల్పి పల్లాడియో (1508–1580). పూర్వపు రోమను దేవాలయముల ముఖమండపమును తీసికొనివచ్చి మనుష్యుల యిండ్లకు తగిలించినవాడాయన. దేవుని వాకిలి జమీందారు వాకిలి అయినదన్నమాట! అట్టి సౌధములలో డెర్బీషైరునందలి కెడిల్‌స్టన్ ఒకటి. వెల్లస్లీ ప్రభువు దాని నమూనా ననుసరించి 1799 మొదలు 1803 వరకు కలకత్తాలో గవర్నమెంటు హవుసు కట్టించెను. వంగదేశమును 1905లో విభజించిన కర్జను ప్రభువు పుట్టినది ఆ కెడిల్‌స్టన్‌లోనే. వైస్రాయిగా వచ్చి తన పుట్టినింటి ప్రతిబింబములోనే కాపురముండెను. కావుననే కాబోలు, దేశమంతయు తన పిత్రార్జితమని తోచియుండును!

కలకత్తా సౌధము పూర్తియైన కాలముననే హైదరాబాదున మూసీనది ఉత్తరపు గట్టున మరియొక సౌధమునకు పునాదులు పడెను. అప్పటి రెసిడెంటు జేమ్సు అకిలీస్ కిర్క్‌పాట్రికు. పటము గీచినవాడు మద్రాసు ఇంజనీరు దళమునకు చెందిన సామ్యూలు రస్సెలు. ఇతడు జాన్ రస్సెలను పేరుగల చిత్రకారుని కుమారుడు. స్థలమడుగుటను గూర్చి ఒక కథ చెప్పుదురు. మొదట పెద్ద కాగితముమీద గీచిన పటమును చూపగా నిజాము తల త్రిప్పెనట. అదే పటమును చిన్న చీటీమీద గీయించి మరల చూపగా, ‘ఇంతేనా!’ యని వెంటనే అనుగ్రహించెనట. కథ నిజమో కాదో కాని, కంపెనీవారు వ్రాయించిన సంధిపత్రములను చదివినవారికి అది నమ్మశక్యము కానిదిగా తోచదు.

ఇక భవనము. ఉత్తరమున విశాలమైన మెట్ల వరుస, ఇరుప్రక్కల సింహములు. పైన ఆకుల చెక్కడముగల శిరస్సులతో కొరింథియను స్తంభములు, వానిమీద త్రికోణపు నుదురు, అందు కంపెనీవారి రాజచిహ్నము. దూరమునుండి పాలరాయివలె మెరయు ఆ స్తంభముల లోపలిది ఇటుక, పైది మన మేస్త్రీలు నునుపుగా మెరుగుపెట్టిన సున్నపు గచ్చు. రూపము ఇటలీది, ఆజ్ఞ ఇంగ్లండుది, చేతిపని మనది. లోపల రెండంతస్తుల ఎత్తుగల దర్బారుశాల, చుట్టును వసారాలు, కొయ్యపలకల నేల, కాగితపు గుజ్జుతో పోతపోసిన అలంకారములుగల పైకప్పు. ఒకే మెట్లదారి పైకిపోయి నడుమ రెండుగా చీలును. అమెరికా అధ్యక్షుని శ్వేతసౌధమునకు ఇది నకలని కొందరందురు. అది సరికాదు. రెండును పల్లాడియో సంతతిలోని దాయాదులు, అంతే.

ఇప్పుడు దస్తావేజు సంగతి. ఈ కట్టడపు ఖర్చంతయు భరించినది నిజాము. ఆ నిజాము చేతనే 1798లోను, 1800లోను కంపెనీవారు సైన్య సహాయపు సంధులు చేయించిరి. ఆ సైన్యపు ఖర్చు క్రింద బళ్లారి, అనంతపురము, కడప మొదలగు సీమలు కంపెనీకి పోయినవి. ‘దత్తమండలములు’ అను ఆ పేరు 1928లో రాయలసీమగా మారువరకు మనవారి నుదుట నిలిచియుండెను. మన గుంటూరు సర్కారు అంతకు ముందే, 1788లో, కంపెనీ చేతికి పోయినది. సర్కారుల పేర కంపెనీవారు నిజామునకు ఏటేట పేష్కషు చెల్లించుచుండిరి. 1823లో ఒక్కమారు సొమ్మిచ్చి ఆ బాధ్యతను వదిలించుకొనిరి. పేష్కషు ఎక్కడిది? ఈ నల్లరేగడిలో నాగలి పట్టినవాని శిస్తు. ఫలానా రూపాయి ఫలానా స్తంభమునకు పోయెనని నేను సాక్ష్యము పలికింపజాలను. కాని పర్చూరు రైతు ఈ యింటికి పరాయివాడని ఏ న్యాయస్థానమైనను తీర్పు చెప్పినచో, నేను అప్పీలు దాఖలు చేసెదను. ఆ సౌధము లేచిన మూడు దశాబ్దములలోపుననే, 1832–33 నాటి నందన కరువులో, గుంటూరు జిల్లాలోని సుమారు అయిదు లక్షల జనములో మూడవ వంతైనను నశించిరని అంచనా. ఆ యెముకలమీద స్తంభము లెవరును నిలుపలేదు.

కిర్క్‌పాట్రికును కేవలము దోషిగా నిలబెట్టుట నా అభిప్రాయము కాదు. అతడు హైదరాబాదు ప్రముఖుల యింటి ఆడపడుచు ఖైరున్నీసా బేగమును వివాహమాడి, మన వేషము ధరించి, మన భాషలు నేర్చినవాడు. ఘోషాలోనుండు ఆమె పెద్ద భవనమును చూడలేకపోవుటచే, దాని చిన్న నమూనాను తోటలో కట్టించెనని ప్రసిద్ధి. 1805లో బిడ్డలిద్దరిని ఇంగ్లండు పంపిరి. ఆ యేడే కలకత్తాలో అతడు మరణించెను. తల్లి 1813లో మరణించువరకు ఆ బిడ్డలను మరల చూడలేదు. ఆమె నివసించిన రంగమహలును తరువాతి దొరలు కూల్పించిరి. పెద్ద మేడ నిలిచినది, ఆమె యిల్లు నిలువలేదు.

1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను జనమును వెంటబెట్టుకొని ఈ రెసిడెన్సీమీదికి నడచిరి. ఫిరంగులముందు నిలువలేకపోయిరి. తుర్రేబాజ్ ఖాను 1859లో చంపబడెను. మౌల్వీ అండమానులలో ప్రాణము విడిచెను. ఆ దాడి తరువాత దొరలు గోడలను బలపరచి బురుజులు కట్టుకొనిరి. ఎవరి సొమ్ముతో ఇల్లు కట్టిరో వారికి భయపడి!

1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్త్రీల కళాశాల ఇందులోనికి వచ్చినది. దర్బారుశాలలో చాలకాలము పాఠములు జరిగినవి. పిమ్మట పెచ్చులూడి, వాన కారి, భవనము మూతపడవలసి వచ్చినది. ఏండ్ల తరబడి బాగుచేసి 2023లో తెరచిరి. ఆ కళాశాల నేడు స్త్రీల విశ్వవిద్యాలయము. దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. విస్నూరు దొర బలగమునకు ఎదురొడ్డి తన పంటను ఇల్లు చేర్చుకొన్న పాలకుర్తి రైతు స్త్రీ ఆమె.

పరాయివారి గుర్తులెందుకు, పడగొట్టరాదా యని ఒక మిత్రుడు నన్నడిగెను. వద్దంటిని. మనము చెల్లించిన సొమ్మును మనమే నేలపాలు చేయనేల? ఆ మెట్లకడ కట్టించిన దొర పేరు, గీచిన ఇంజనీరు పేరుతోబాటు, ఖర్చు ఏ సీమల శిస్తునుండి వచ్చినదో తెలుగులో ఒక రాతిపలకమీద చెక్కింపవలెనని మాత్రము కోరుచున్నాను. ఈ సంగతిని వ్రాసి పంపుటకు అర్జీ ఒకటి సిద్ధపరచి తెచ్చితిని. బల్లమీద నున్నది. సమ్మతించువారు సంతకము చేయవచ్చును.