ఒక్క కోళ్ల షెడ్డు, 73 ఎకరాల మొక్కజొన్న

ఈ రోజు ఎపిసోడ్‌లో కొంచెం లెక్కలు ఉన్నాయి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి.

గుడ్లు పెట్టే కోడి ఒక్కటి రోజుకి సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. పదివేల కోళ్ల షెడ్డు తీసుకుందాం. రోజుకి 1,100 కిలోలు. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే ఉంటుంది, మిగతాది సోయా చెక్క, తవుడు లాంటివి. అంటే రోజుకి 600 కిలోల మొక్కజొన్న అనుకోండి. ఏడాదికి 219 టన్నులు. ఎకరానికి 30 క్వింటాళ్లు పండితే, 73 ఎకరాల పంట ఆ ఒక్క షెడ్డుకే సరిపోతుంది!

మరి ఆ 73 ఎకరాలు ఎవరివో షెడ్డు ఆయనకి తెలుసా? చాలాసార్లు తెలియదు. తన గింజ ఎక్కడికి పోయిందో రైతుకీ తెలియదు. మధ్యలో ఊరి వ్యాపారి, కమీషన్ ఏజెంట్, దాణా మిల్లు. వీళ్లని విలన్లు అనడం నాకు ఇష్టం లేదు. రైతుకి సంచులిచ్చేది, లారీ మాట్లాడేది, అవసరానికి డబ్బు సర్దేది వాళ్లే. కాకపోతే ఇన్ని చేతులు మారేసరికి ఒక ముఖ్యమైన మాట అటూ ఇటూ చేరడం లేదు. ఆ మాట... తేమ.

కోళ్ల రైతుకి తేమంటే ఎందుకంత భయం? తేమ 14 శాతం దాటిన గింజని నిల్వ పెడితే బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది కంటికి కనపడదు. కోడి లివర్ పాడవుతుంది, గుడ్లు తగ్గుతాయి, వేసిన టీకాలు కూడా సరిగా పనిచేయవు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. దాణాలో కలిపిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. ఈ విషం సంగతి అలానే బయటపడింది. పాడి గేదె తింటే పాలలోకీ వస్తుంది.

అదే తేమ మాట రైతు చెవిలో పడితే వినపడేది ఒక్కటే: తరుగు. మా బాబాయి మొక్కజొన్న వేస్తాడు. "మీటరు వాళ్లది, కాటా వాళ్లది, లెక్కా వాళ్లదే" అంటాడు. కనీసం లెక్కైనా మనం నేర్చుకుందాం. క్వింటాలో తేమ 20 శాతం ఉంటే, నీళ్లు తీసేసిన గింజ 80 కిలోలు. 80ని 0.86తో భాగించండి. 93 వస్తుంది. అంటే 14 శాతం లెక్కన న్యాయమైన తరుగు 7 కిలోలు. పది కిలోలు తీస్తే మూడు కిలోలు మీవి పోయినట్టే. 2025-26 మద్దతు ధర క్వింటా 2,400 రూపాయలు. మార్కెట్లో అంత రాకపోవచ్చు, లెక్క కోసం అదే వేసుకుందాం. వంద క్వింటాళ్లకి పోయేది 7,200 రూపాయలు! ఊళ్లో పదిమంది కలిసి ఒక తేమ మీటరు కొనుక్కోవడం మంచిది కాదూ?

"అయితే నేరుగా ఫారానికే అమ్మేద్దాం" అంటారేమో. అంత తేలిక కాదండీ. రైతుకి కోత అవగానే డబ్బు కావాలి. ఫారం ఆయనకి గుడ్లు అమ్మితేగానీ డబ్బు చేతికి రాదు, పైగా గింజ ఆయనకి ఏడాది పొడుగునా కావాలి. ఈ ఖాళీలోనే వ్యాపారి బతుకుతున్నాడు. దాన్ని పూడ్చాలంటే ఎఫ్‌పీఓ లాంటిది ఉండాలి. గింజని బాగా ఎండబెట్టి, రిజిస్టరైన గోదాంలో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకు లోన్ తీసుకుని, నెలనెలా ఫారానికి పంపాలి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గింజ దింపిన ట్రాక్టరు ఖాళీగా తిరిగి రావాల్సిన పని లేదు. షెడ్డు కింద కోళ్ల ఎరువు ఉంటుంది. పచ్చిది నేరుగా చేలో వేస్తే మొక్క మాడిపోతుంది, మాగబెట్టి వేసుకోవాలి. గింజ రేటు మాట్లాడేరోజే ఎరువు రేటు కూడా కలిపి మాట్లాడుకోండి.