ముందు నకలు, తర్వాతే మరమ్మతు
(సర్వసభ్య సమావేశంలో మన గుడి కంప్యూటర్ సేవాబృందం చేసిన ప్రసంగ పాఠం)

 

మన గుడిలో జరిగిన అన్నప్రాశనలు, అక్షరాభ్యాసాలు, మనల్ని విడిచి వెళ్ళిన పెద్దలు పాడిన మంగళహారతులు అన్నీ ఆఫీసు గదిలోని ఒక్క హార్డ్ డ్రైవ్‌లోనే ఉండేవి. శ్రీరామనవమి తర్వాత అది మొరాయించడం మొదలుపెట్టింది. ఒక్క ఫోల్డరు తెరవాలంటే ఐదు నిమిషాలు పట్టేది.

మొదట మేము తప్పే చేశాం. ఆపి, మళ్ళీ పెట్టి, పదే పదే ప్రయత్నించాం. డిస్కును సరిచేయమంటారా అని కంప్యూటర్ అడిగితే సరే అన్నాం. ఆ రెండూ చేయకూడనివి. డ్రైవ్ లోపల పళ్ళేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక కూడా దూరనంత సందులో హెడ్ కదులుతుంది. అది పళ్ళేన్ని గీరిందంటే అక్కడ ఉన్నది ఇక తిరిగి రాదు. పైగా సరిచేసే ప్రోగ్రాములు పాడవుతున్న డిస్కు మీదే మళ్ళీ రాస్తాయి.

తెలిసినవారు హెచ్చరించాక డ్రైవ్ ఆపేశాం. అంతకన్నా పెద్ద కొత్త డ్రైవ్ కొన్నాం. లైనక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూతో పాతదాన్ని ఉన్నదున్నట్టు నకలు తీశాం. అది ముందు బాగున్న భాగాలను తీసుకుంటుంది. చదవలేని చోట్లను దాటేసి, చివర్లో వాటి దగ్గరికి వస్తుంది. ఎంతవరకు అయిందో మ్యాప్‌ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మొదటికి రాదు. మూడు రాత్రులు వంతులవారీగా కాపలా కాశాం. ఆ తర్వాత నకలు మీద ఫోటోరెక్ నడిపాం. ఫోటోలు చాలావరకు దొరికాయి గానీ ఫైళ్ళ పేర్లు పోయాయి.

అన్నీ దక్కలేదు. ఒక కుటుంబం తమ నాన్నగారి పాట కోసం వచ్చారు. ఆ పాట సగంలోనే ఆగిపోతుంది. ఆ మాట వారికి చెప్పడానికి మాకు నోరు రాలేదు. రెండో నకలు ఉంచకపోవడం మా పొరపాటు. సభాముఖంగా క్షమించమని కోరుతున్నాం.

మీ ఇంట్లో డ్రైవ్ టిక్కు టిక్కుమంటే, లేదా కంప్యూటర్‌కు అసలు కనబడకపోతే, మేము చేసినట్టు ఇంట్లో ప్రయత్నించకండి. వెంటనే ఆపి, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. ఖర్చు ఎక్కువే. అయినా ఇంట్లో మూత విప్పితే దుమ్ము పడి, ఉన్న ఆశ కూడా పోతుంది. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మకండి, లోపల చెమ్మ పడుతుంది.

అసలు ఆ అవస్థే రాకుండా మూడు నకళ్ళు ఉంచుకోండి. అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. ఊళ్ళో అన్నయ్య దగ్గరున్నా సరే, క్లౌడ్‌లో ఉన్నా సరే.

చివరగా రెండు విన్నపాలు. గుడి కార్యక్రమాల పాత వీడియోలు మీ ఫోన్లలో ఉంటే ఇవ్వండి. ఆ పాట మిగతా సగం ఎవరి దగ్గరైనా ఉండవచ్చు. ఆదివారం భోజనాల తర్వాత పేర్లు పోయిన ఫోటోలను తెర మీద వేస్తాం. అమ్మమ్మలు, తాతయ్యలు కాసేపు కూర్చుని, ఎవరు ఎవరో చెప్పాలి. ఆ పని ఏ ప్రోగ్రామూ చేయలేదు.

సెలవు.