మీ పిల్లలు ఎవరిని చూచి పరుగెత్తుచున్నారు?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 1 కొరింథీయులకు 9:24–27

మీ దగ్గర బైబిలు ఉన్నట్లయితే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయము తీసి ఉంచుకొనండి. అపొస్తలుడైన పౌలు పరుగు పందెమును గూర్చి వ్రాసిన మాటలు అక్కడ ఉన్నాయి. కాసేపటికి అక్కడికి వద్దాము.

ఈ దినము నేను మీతో ఆటల గూర్చి మాట్లాడాలనుకుంటున్నాను. ప్రసంగములో ఆటలేమిటి అనుకోవద్దు. మన ఇండ్లలో పిల్లల గది గోడలు చూడండి. ఫుట్‌బాల్ ఆటగాని బొమ్మ ఉంటుంది, లేదా బ్యాడ్మింటన్ క్రీడాకారిణి బొమ్మ ఉంటుంది. వాళ్ల జుట్టులాగా మన పిల్లలు జుట్టు కత్తిరించుకుంటారు. వాళ్ల పేరున్న చొక్కా కావాలని మారాము చేస్తారు. "అయ్యగారూ, మా అబ్బాయి ఆ ఆటగాళ్లను చూచి చెడిపోతున్నాడేమో" అని దిగులుపడే తల్లిదండ్రులు ప్రతి సంఘములోను ఉన్నారు. ఆ దిగులును తేలికగా తీసుకోకూడదు. మనిషి దేనిని తదేకముగా చూస్తాడో దానివలెనే మారుతాడు.

2012వ సంవత్సరములో లండను పట్టణములో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆగస్టు 4వ తేదీ శనివారము సాయంత్రము ఒక గంటలోపే బ్రిటను దేశస్థులు ముగ్గురు, జెస్సికా ఎన్నిస్, గ్రెగ్ రూథర్‌ఫర్డ్, మో ఫరా, ఒకే మైదానములో బంగారు పతకాలు గెలిచారు. దేశమంతా సంతోషముతో ఊగిపోయింది. ఆ క్రీడలు ముగిసిన వారము లోపలే అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఆరంభమైంది. అప్పుడు చాలామంది ఒక మాట అన్నారు: "ఒలింపిక్ క్రీడాకారులను చూడండి, ఎంత వినయము! గెలిస్తే కన్నీళ్లు, ఓడితే ఎదుటివానికి కరచాలనము. మన ఫుట్‌బాల్ ఆటగాళ్లో? కోట్లు తీసుకుంటారు, రిఫరీని తిడతారు, తగలకపోయినా తగిలినట్లు పడిపోతారు." జాతి దూషణ వివాదాలతో ఇంగ్లీషు ఫుట్‌బాల్ అపకీర్తిపాలైన రోజులవి. పిల్లలకు ఎవరు మాదిరి, వీరా వారా అనేది పెద్ద చర్చ అయింది.

ఫుట్‌బాల్ మీద ఆ నింద ఊరకనే రాలేదు. 1986 ప్రపంచ కప్‌లో ఇంగ్లండు మీద మారడోనా చేతితో బంతిని గోలులోనికి నెట్టాడు. రిఫరీ చూడలేదు, అతడు చెప్పలేదు, గోలు నిలిచింది. 2006 ప్రపంచ కప్ ఫైనల్, బెర్లిను పట్టణము. ఫ్రాన్సు కెప్టెన్ జిదాన్‌కు అదే ఆఖరి మ్యాచ్. ఇటలీ ఆటగాని రొమ్ము మీద తలతో గుద్ది ఎర్ర కార్డుతో బయటకు నడిచాడు. 2014లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ ఎదుటి జట్టువాని భుజము కొరికాడు; నాలుగు నెలలు ఆటకు దూరము చేశారు. ఇక డబ్బు సంగతి. 2017లో నెయ్‌మార్ ఒక క్లబ్బు నుండి మరొక క్లబ్బుకు మారినందుకు చెల్లించిన సొమ్ము 22 కోట్ల 20 లక్షల యూరోలు. ఒలింపిక్ కమిటీ అయితే పతకముతోపాటు నగదు బహుమతి ఏమీ ఇవ్వదు.

రెండవ ప్రక్క చూడండి. 2000వ సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోల బరువు ఎత్తి కాంస్య పతకము తెచ్చింది. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. అటువంటి ఒక్క దినము కొరకు ఎన్ని ఏండ్లు, ఎవరూ చప్పట్లు కొట్టని గదిలో ఆ ఇనుము ఎత్తి దింపి ఉంటుందో ఆలోచించండి.

1988లో దక్షిణ కొరియాలో జరిగిన ఒలింపిక్స్‌లో లారెన్స్ లెమ్యూ అనే కెనడా దేశస్థుడు తెరచాప పడవ పందెములో రెండవ స్థానములో ఉన్నాడు. సెప్టెంబరు 24. గాలి రేగింది, అలలు పైకి లేచాయి. వేరొక పందెములోని సింగపూరు పడవ తలక్రిందులై ఇద్దరు నీళ్లలో పడ్డారు. లెమ్యూ తన పడవను వారి వైపు త్రిప్పాడు. వారిని కాపాడి, రక్షక పడవ వచ్చేవరకు ఉండి, అప్పుడు పందెము ముగించాడు. చేరింది 22వ స్థానములో. న్యాయనిర్ణేతలు ఆ పందెములో రెండవ స్థానము అతనికే ఇచ్చారు గాని, అతనికి పతకము రాలేదు. మంచి సమరయుని కథ మనకు తెలుసు. ఆ కథ సముద్రము మీద జరిగితే ఎలా ఉంటుందో ఈ మనుష్యుడు చూపించాడు.

అయితే తీర్పు చెప్పేద్దామా? ఫుట్‌బాల్ బొమ్మ చించేసి ఒలింపిక్ బొమ్మ అంటించమందామా? కొంచెము ఆగండి.

లెమ్యూ పడవ త్రిప్పిన దినమే, ఆ సెప్టెంబరు 24నే, అదే ఒలింపిక్స్‌లో, అదే కెనడా దేశపు బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తి లోకమును ఆశ్చర్యపరిచాడు. మూడు దినములకు బంగారము వెనుకకు తీసుకున్నారు, నిషేధించిన మందు వాడాడని తేలింది. ఒకే దేశము, ఒకే దినము, ఒకే ఐదు వలయాల జెండా. మనుష్యులు మాత్రము వేరు. మల్లీశ్వరి పతకము తెచ్చిన ఆ సిడ్నీలోనే అమెరికా పరుగుల రాణి మారియన్ జోన్స్ ఐదు పతకాలు గెలిచింది. 2007లో మందు వాడినట్లు ఒప్పుకొంది, పతకాలన్నీ పోయాయి. దర్యాప్తు అధికారులకు అబద్ధము చెప్పినందుకు 2008లో జైలుకు వెళ్లింది.

ఇటు ఫుట్‌బాల్ చూడండి. అందరూ ఫుట్‌బాల్‌ను తిట్టిన ఆ 2012లోనే, సెప్టెంబరు నెలలో, ఇటలీలోని నేపుల్సులో మిరోస్లావ్ క్లోజా అనే ఆటగాని చేతికి తగిలి బంతి గోలులో పడింది. రిఫరీ గోలు ఇచ్చేశాడు. క్లోజా తానే వెళ్లి "నా చేతికి తగిలింది" అని ఒప్పుకున్నాడు. గోలు రద్దయింది, అతని జట్టు ఓడింది. మారడోనా చెయ్యి, క్లోజా చెయ్యి! చెయ్యి చేసిన పని ఒకటే, నోరు చేసిన పని వేరు. 2005 అక్టోబరులో ఐవరీ కోస్టు జట్టు మొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత పొందిన దినమున ద్రోగ్బా తన జట్టువారితో కలిసి కెమెరా ముందు మోకరించి, అంతర్యుద్ధములో ఉన్న తన దేశ ప్రజలను ఆయుధాలు దించమని బ్రతిమాలాడు. 2020లో, కరోనా కాలములో, ఇంగ్లండు ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్ బడులు మూతపడిన సెలవులలో పేద పిల్లలకు భోజనము ఆపవద్దని ప్రభుత్వమును అడిగాడు. చిన్నప్పుడు తాను కూడ ఆ ఉచిత భోజనము తిన్నవాడే. ప్రభుత్వము నిర్ణయము మార్చుకున్నది; సుమారు 13 లక్షలమంది పిల్లలకు అన్నము దొరికింది.

కాబట్టి మంచి చెడుల గీత ఫుట్‌బాల్‌కు ఒలింపిక్స్‌కు మధ్య లేదు. అది ప్రతి మనుష్యుని హృదయములో నుండే పోతున్నది.

మరి ఒకరు మంచివారుగా, మరొకరు చెడ్డవారుగా మనకెందుకు కనబడుతున్నారు? సామెతల గ్రంథము ఇరువదవ అధ్యాయములో తూనికరాళ్ల సంగతి ఉంది. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి ఉంచుకొనుట దేవునికి అసహ్యమని అక్కడ చదువుతాము. మనము ఆటగాళ్లను తూచేటప్పుడు అదే చేస్తున్నాము. ఇంగ్లండు లీగ్‌లో ఒక్కొక్క జట్టుకు ఏడాదికి 38 మ్యాచ్‌లు, ఒక్కొక్కటి 90 నిమిషాలు. అలిసినప్పుడు, ఓడినప్పుడు, గ్యాలరీలోనుండి బూతులు వినబడినప్పుడు కూడ కెమెరా అతని ముఖము మీదనే ఉంటుంది. పరుగు పందెపు క్రీడాకారిణిని మనలో చాలామంది నాలుగేండ్లకు ఒకసారి, ఆమె జీవితములోని మంచి దినమున, కొన్ని నిమిషాలు చూస్తాము. ఒకరి వారమంతటిని మరొకరి పండుగ దినముతో పోల్చి తీర్పు చెప్పడము న్యాయమా?

మన హైదరాబాదునే తీసుకోండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4–2 తో ఓడించి నాలుగవ స్థానములో నిలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారు హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. సికింద్రాబాదు ప్రక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. వీరు ఫుట్‌బాల్ ఆటగాళ్లా, ఒలింపిక్ క్రీడాకారులా? రెండును! 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారము గెలిపించిన రహీంగారు మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సరుతో కన్నుమూశారు. బలము తగ్గిపోతున్న దినములలో కూడ ఆయన తన పని విడిచిపెట్టలేదు.

ఇప్పుడు పౌలు దగ్గరికి వద్దాము. కొరింథు పట్టణానికి దగ్గరలోనే రెండేండ్లకు ఒకసారి పెద్ద ఆటలు జరిగేవి. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. కొద్ది దినములకే అది ఎండి రాలిపోయేది. ఆ సంఘమువారికి అవన్నీ తెలుసు, గెలిచినవారి పేర్లు కూడ తెలిసే ఉంటాయి. అయినను పౌలు తన పత్రికలో ఒక్క ఆటగాని పేరైనా వ్రాయలేదు, గమనించారా? పరుగును తీసుకున్నాడు, పరుగెత్తినవానిని ప్రక్కన ఉంచాడు. వాని క్రమశిక్షణ, వాని నిగ్రహము, గురి తప్పని వాని చూపు, ఇవి నేర్చుకోమన్నాడు. ఆ ఆకుల కొరకు వారు అంత కష్టపడితే, వాడబారని దాని కొరకు మనమెంత కష్టపడాలి అని అడిగాడు. చివరకు తన మీదనే వ్రేలు పెట్టుకున్నాడు: ఇతరులకు బోధించి తానే పందెమునకు పనికిరానివాడనవుతానేమో అని భయపడ్డాడు. బోధించేవారమైన మేము ఈ మాట దగ్గర ఆగి వణకవలసినవారము.

ఎరిక్ లిడ్డెల్‌ను మీలో చాలామంది ఎరుగుదురు. 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పందెములు ఆదివారమున పడినందున ఆయన పరుగెత్తలేదు. తరువాత 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారము గెలిచాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధకాలములో, 1943లో, జపానువారు ఆయనను వేలమందితోపాటు వెయ్‌షియెన్ శిబిరములో నిర్బంధించారు. అక్కడ ఆయన పిల్లలకు సైన్సు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారమున ఆటలు లేక పిల్లలు తమలో తాము ఆడి కొట్టుకుంటుంటే, తరువాతి ఆదివారము ఆయనే వెళ్లి రిఫరీగా నిలిచాడు. తన పతకము కొరకు ఆదివారము పరుగెత్తనివాడు, పిల్లల సమాధానము కొరకు ఆదివారము ఆట నడిపించాడు! 1945 ఫిబ్రవరి 21న, విడుదలకు కొద్ది నెలల ముందు, మెదడులో కంతితో 43 ఏండ్లకే ప్రభువునందు నిద్రించాడు. ప్యారిస్‌లో వేలమంది చూచారు; శిబిరములో చూచినవారు తోటి ఖైదీలు, పిల్లలు. ఆ ఇద్దరు లిడ్డెల్‌లు ఒక్కరే. మాదిరి అంటే అది.

ప్రియ తల్లిదండ్రులారా, గోడ మీది బొమ్మను చించవద్దు. పిల్లవాని ప్రక్కన కూర్చుని అడగండి: "ఇతనిలో నీకు ఏది నచ్చింది?" గోలు అంటే సరే, గోలు వెనుకనున్న సాధన చూపండి. అతడు తప్పు చేసిన దినమున దాచవద్దు, వెక్కిరించవద్దు. "ఇది తప్పు, ఇతడు కూడ దేవుని కృప కావలసిన మనిషే" అని చెప్పండి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆదివారమున మనము ఉతికిన బట్టలు కట్టుకుని, మెత్తని మాటలు మాట్లాడి, అందరితో చేతులు కలుపుతాము. అది మన ఒలింపిక్స్. సోమవారము నుండి శనివారము వరకు మన లీగ్ మ్యాచ్‌లు: కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు భార్యతో మాట్లాడిన మాట, పాలవానికి చిల్లర ఇవ్వడములో న్యాయము, పనిమనిషిని పిలిచిన తీరు, ఫోనులో "ఇంట్లో లేనని చెప్పు" అన్న చిన్న అబద్ధము. అక్కడ కెమెరా లేదనుకుంటాము. ఉన్నది! మన పిల్లల రెండు కండ్లు. ఆ బొమ్మలోని ఆటగానిని వాళ్లు టీవీలో చూస్తారు. మిమ్మును అన్నము దగ్గర చూస్తారు. ఎవరి వెనుక పరుగెత్తుతారో మీరే చెప్పండి.

అందుకు మన శక్తి చాలదు. మన కంటె ముందు పరుగెత్తి, సిలువను సహించి, గమ్యము చేరినవాడు ఒక్కడున్నాడు. ఆయనను చూచే దినము ప్రతి దినము ఉండును గాక.

ప్రార్థించుకొందము. పరలోకపు తండ్రీ, ఆదివారమును సోమవారమును మమ్మును ఒకే మనుష్యులుగా చేయుము. ఇతరులను తూచే రాతితోనే మమ్మును మేము తూచుకొనే మనస్సు దయచేయుము. మైదానాలలో ఆడుచున్న యౌవనులను, వారిని చూచి పెరుగుచున్న మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. పడినవారిని లేపుము, పరుగు మానినవారిని మరల నిలువబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని దీవించి కాపాడును గాక.